పొట్టుకు ఊపిరి పోసినవాళ్లు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు స్పొకేన్‌లో చలికాలం పెల్లెట్ స్టవ్ మొరాయించిందంటే ఇంటివాళ్లు ముందు తిట్టేది పెల్లెట్లనే. బస్తాలు తడిశాయేమో అంటారు, ఈసారి వేరే కంపెనీ సరుకు తెచ్చాం, అందుకే అంటారు. నేను వెళ్లి స్టవ్ వెనక పక్క చెవి పెట్టి వింటాను. చాలాసార్లు జబ్బు బ్లోయర్‌ది. కీచుమంటూ తిరుగుతుంటుంది, లేదా తిరగకుండా ఉత్తినే గుంయ్‌మంటూ ఉంటుంది. తిరుగుతున్నా గాలి లాగలేక చతికిలపడి ఉంటుంది.

ఈ స్టవ్ గురించి రాసినవాళ్లు కూడా ఇంధనాన్నే నెత్తికెత్తుకుంటారు. రంపపు పొట్టును గుళికలుగా నొక్కడం గొప్ప ఊహ అనీ, పారబోసే చెత్త ఇంటి వెచ్చదనంగా మారిందనీ రాస్తారు. కాదనను. కానీ హాస్పిటల్ భవనాల్లో ఫ్యాన్లు, డక్టులు చూసుకునే ఉద్యోగంలో తల నెరిసినవాణ్ణి. నా లెక్కలో ఈ కథకు నాయకుడు ఫ్యాను. పొట్టును నొక్కడం పెల్లెట్ స్టవ్ పుట్టడానికి చాలా ముందే తెలుసు. దాన్ని ముందుగదిలో, సోఫా పక్కన, పొగ రాకుండా కాల్చనిచ్చింది మాత్రం అరచేతి వెడల్పు రేకు చక్రం.

తెలియనివాళ్లకు యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పైన తొట్టి, అందులో పెల్లెట్లు. పావు అంగుళం మందం, పుల్లముక్కల్లా ఉంటాయి. 40 పౌండ్ల బస్తాలు 50 కలిస్తే ఒక టన్ను, అలా పేర్చి అమ్ముతారు. తొట్టి అడుగున మరలాంటి ఆగర్ మెల్లగా తిరుగుతూ నాలుగైదు పెల్లెట్ల చొప్పున చిన్న ఇనుప గిన్నెలోకి జారుస్తుంటుంది. మంట ఆ గిన్నెలోనే. బ్లోయర్లు రెండు. ఒకటి మంటలోంచి పొగను లాగి గోడ బయటికి నెడుతుంది. రెండోది గదిలోని గాలిని తీసుకుని వేడెక్కిన ఇనుప గొట్టాల మీదుగా తోసి మళ్లీ గదిలోకి వదులుతుంది. ఈ రెండు గాలులూ ఎక్కడా కలవవు.

పొట్టు కాల్చడం నాకు కొత్త కాదు. మాది రాజమండ్రి. భద్రాచలం వైపు అడవుల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి దించిన కలప మా ఊరి టింబరు డిపోలకు చేరేది. నాన్నగారు ఒక డిపోలో లెక్కలు రాసేవారు. పక్కనే సామిల్లు. అక్కడి పొట్టు గోనెసంచుల్లో ఇళ్లకూ కాఫీ హోటళ్లకూ వెళ్లేది. పొట్టు పొయ్యి అంటే రేకు డబ్బా, కింద పక్కగా ఒక కన్నం. నడుమ సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసాను తిప్పుతూ పైకి లాగేస్తే నిలువుగా బొరియ మిగిలేది. కింద కన్నంలో పుల్ల ముట్టిస్తే ఆ బొరియే పొగగొట్టమై గాలిని లాక్కునేది. గంటలకొద్దీ మండేది. పొగ మాత్రం వంటింటికీ, అమ్మ కళ్లకీ.

అమెరికా వాయవ్య మూలన, అంటే వాషింగ్టన్, ఆరెగన్, ఐడహో రాష్ట్రాల్లో, సామిల్లుల పొట్టు ఇంతకు వేల రెట్లు. ఏం చెయ్యాలో తెలియక మిల్లు పక్కనే శంఖంలా నిలబెట్టిన పెద్ద ఇనుప బట్టీల్లో కాల్చి పారేసేవారు. నెత్తిన జల్లెడ మూత, రాత్రిళ్లు నిప్పురవ్వలు. 1970లో వాయుశుద్ధి చట్టం గట్టిపడ్డాక అవి ఒక్కొక్కటే చల్లారాయి. తుప్పుపట్టిన బట్టీలు కొన్ని ఇప్పటికీ హైవేల పక్కన కనిపిస్తాయి.

అలాగని జనం పొట్టు వాడుకోలేదని కాదు. 1920ల నుంచి 50ల దాకా పోర్ట్‌లండ్, సియాటిల్ ఇళ్ల బేస్‌మెంట్లలో పొట్టు బర్నర్లు ఉండేవి. లారీలో పొట్టు తెచ్చి కిటికీలోంచి బేస్‌మెంట్‌లో పోసేవారు, ఇంటాయన పారతో తొట్టి నింపుకునేవాడు, అది తన బరువుకు తానే మంటలోకి జారేది. అదే పోర్ట్‌లండ్‌లో 1920లలో ఐరన్ ఫైర్‌మన్ అనే కంపెనీ బొగ్గుకు ఇంకో ఏర్పాటు తెచ్చింది. మర తిరుగుతూ బొగ్గును పొయ్యి కిందికి తోస్తుంది, ఫ్యాను కింద నుంచి గాలి ఊదుతుంది. ఆగర్, బ్లోయర్, గదిలో థర్మోస్టాట్. పెల్లెట్ స్టవ్ ఎముకల గూడు దాదాపు మొత్తం ఇందులోనే ఉంది. ఆ కంపెనీని నడిపిన టి. హ్యారీ బాన్‌ఫీల్డ్ పేరు ఇప్పుడు పోర్ట్‌లండ్ జనానికి ఒక ఫ్రీవే పేరుగానే తెలుసు.

ఇక నొక్కడం. స్పొకేన్‌కి దక్షిణాన వంద మైళ్ల దూరంలో లూయిస్టన్ ఉంది. అక్కడి పాట్‌లాచ్ వారి మిల్లులో ఇంజనీరు రాబర్ట్ బౌలింగ్ 1930 ప్రాంతంలో జిగురు కలపకుండానే పొట్టును నొక్కి దుంగలు చేసే యంత్రం తయారుచేశాడు. ఒత్తిడికి పుట్టే వేడిలో కలపలోని లిగ్నిన్ మెత్తబడి తనే బంకలా పనిచేస్తుంది. ప్రెస్-టు-లాగ్ అని అమ్మారు. ఒక్కో దుంగ ఎనిమిది పౌండ్లు. పశువుల దాణాను గుళికలుగా ఒత్తే మిల్లులు కూడా ఆ రోజుల్లోనే స్థిరపడ్డాయి. 1973 చివర అరబ్బు దేశాలు చమురు ఆపేసి, ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలయ్యాక, ఈ రెంటినీ కలిపి చూడాలన్న బుద్ధి పుట్టింది. ఆరెగన్‌లో రుడాల్ఫ్ గన్నర్‌మన్ 1970ల నడుమ కలప పొట్టును ఎండబెట్టి గుళికలు ఒత్తే పద్ధతికి పేటెంటు తీసుకుని వుడెక్స్ పేరుతో అమ్మాడు. కొన్నది ఇళ్లవాళ్లు కాదు, ఫ్యాక్టరీలు, పెద్ద బాయిలర్లున్న సంస్థలు.

ఇళ్లవాళ్లు ఎందుకు కొనలేదంటే, కాల్చడానికి వాళ్ల దగ్గర పొయ్యి లేదు. పెల్లెట్లను మామూలు కట్టెల పొయ్యిలో పోస్తే అడుగుకు చేరి గట్టి కుప్పగా కూర్చుంటాయి. కట్టెల మధ్య ఉండే సందులు వీటి మధ్య ఉండవు. పైపైన రాజుకుని, లోపల ఊపిరాడక పొగ చిమ్ముతాయి. గాలిని బలవంతంగా లోపలికి పంపాలి, కుప్ప పడకుండా కాసినికాసిని వెయ్యాలి. రెండూ ఒక లయలో జరగాలి.

బోయింగ్‌లో పనిచేసిన ఇంజనీరు జెరీ విట్‌ఫీల్డ్ 1980ల తొలి సగంలో సియాటిల్ ప్రాంతంలో చేసింది ఇదే. పైరో ఇండస్ట్రీస్ అనే కంపెనీ పెట్టి ముందుగదిలో పెట్టుకునే పెల్లెట్ స్టవ్‌ను బజారుకు తెచ్చాడు. విమానాల కంపెనీలో పనిచేసినవాడికి గాలి కదలిక గురించి వేరే చెప్పాలా! కాలం కూడా కలిసొచ్చింది. గ్రాండ్ కూలీ లాంటి ఆనకట్టల పుణ్యాన ఈ ప్రాంతంలో కరెంటు కారుచౌక. అందుకని యుద్ధం తర్వాత కట్టిన ఇళ్లలో చాలావాటికి గోడ వెంబడి కరెంటు హీటర్లే, పొగగొట్టాలు లేవు. అణు విద్యుత్ కేంద్రాలు కట్టబోయిన ఇక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ 1983లో 225 కోట్ల డాలర్ల బాండ్లకు చేతులెత్తేసింది. ఆ కాలంలోనే కరెంటు రేట్లు ఎగబాకాయి. బిల్లు చూసి గుండెలు బాదుకుంటున్న ఇంటాయనకు, చిమ్నీ కట్టక్కర్లేదు, గోడకు కన్నం పెడితే చాలు అని చెప్పగలిగిన పొయ్యి అది. చిమ్నీ అక్కర్లేకపోవడానికి కారణం బ్లోయర్. పొగ తనంత తాను పైకి లేవనక్కర్లేదు, ఫ్యాను పక్కకే తోసేస్తుంది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు తెలివి ఇక్కడే ఉంది. మంటకు గాలి అందించడానికి రెండు దారులు. కమ్మరి కొలిమి తిత్తిలా ముందు నుంచి ఊదవచ్చు, లేదా వెనక నుంచి లాగవచ్చు. ఐరన్ ఫైర్‌మన్ ఊదింది. బేస్‌మెంట్‌లో, ఎత్తయిన చిమ్నీ కింద, అది చెల్లింది. ముందుగదిలో ఊదితే పొయ్యి లోపల ఒత్తిడి పెరిగి, తలుపు సందులోంచో తొట్టిలోంచో పొగ గదిలోకి తన్నుతుంది. వెనక నుంచి లాగితే పొయ్యి లోపల ఎప్పుడూ కాస్త శూన్యం. సందు ఉంటే గది గాలి లోపలికి పోతుందే తప్ప పొగ బయటికి రాదు. ఈ శూన్యాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక వాక్యూం స్విచ్, దానికి సన్నని రబ్బరు గొట్టం. బ్లోయర్ లాగడం మానేస్తే స్విచ్ తెగుతుంది, ఆగర్ ఆగిపోతుంది. గాలి లేనిదే గింజ పడదన్నమాట.

అయితే లాగే ఫ్యాను ఎక్కడుండాలి? మంట దాటాక, వేడి పొగ దారిలో. పొద్దస్తమానం బూడిద తింటూ తిరగాలి. మోటారును బయట పెట్టి, దానికి వేరే చిన్న రేకుల చక్రం తగిలించి చల్లబరిచినా, ఇరుసు వెంబడి వేడి పాకుతుంది, బేరింగులో నూనె ఎండిపోతుంది. ఇంటివాళ్లను కాపాడిన ఏర్పాటే బ్లోయర్ ఆయుష్షు తిన్నది. చచ్చిన బ్లోయర్‌ను విప్పినప్పుడల్లా నాకు కోపం రాదు, అది ఎవరి బదులు పోయిందో తెలుసు గనక.

బూడిద తింటూ తిరిగే ఫ్యానుకు పెద్ద వంశమే ఉంది. 1860లలో బోస్టన్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్టర్టెవంట్ అనే మెయిన్ రాష్ట్రపు చెప్పులు కుట్టే మనిషి, జోళ్ల అడుగులకు కొయ్య మేకులు కొట్టే యంత్రాల మీద పనిచేసినవాడు, ఫ్యాక్టరీలో పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతున్న దుమ్మును చూసి దాన్ని పీల్చేసే ఫ్యాను చేశాడు. జోళ్ల పని పక్కకు పోయి ఫ్యానే ఆయన వ్యాపారమైంది. ఆ పేరు మీద బోస్టన్‌లోని జమైకా ప్లెయిన్ పేటలో వెలసిన ఫ్యాక్టరీ అమెరికాలో బ్లోయర్లకు పెట్టింది పేరు. దుమ్మును పీల్చే ఫ్యానుకు రేకులు తక్కువ ఉండాలి, తిన్నగా, ఎడంగా ఉండాలి, లేకపోతే మధ్యలో చెత్త ఇరుక్కుంటుంది. నా బల్ల మీద పడి ఉన్న స్టవ్ ఇంపెల్లర్, అంటే ఫ్యాను చక్రం, చూస్తే సరిగ్గా అలాగే ఉంటుంది.

గదిలోకి వేడిగాలి తోసే రెండో బ్లోయర్ వంశం వేరు, అది మన దేశం మీదుగా వచ్చింది. శామ్యూల్ క్లెలండ్ డేవిడ్‌సన్ అనే ఐర్లండ్ కుర్రాడు 1864లో అస్సాంలోని కచార్ టీ తోటలకు వచ్చాడు. అప్పట్లో ఆకును బొగ్గు కుంపట్ల మీద ఆరబెట్టేవారు. పని నత్తనడక, పైగా పొగ వాసన. వేడిగాలి పంపి ఆరబెట్టే యంత్రం చేశాడు. తిరిగి వెళ్లి 1881లో బెల్‌ఫాస్ట్‌లో సిరాకో వర్క్స్ పెట్టాడు. ఆరబెట్టే యంత్రానికి మంచి గాలి కావాలి, దొరికే ఫ్యాన్లు నచ్చలేదు. 1898లో కొత్త చక్రం పట్టుకొచ్చాడు. పొడుగాటి రేకులు నాలుగైదు కాకుండా, డోలు చుట్టూ పొట్టి రేకులు డజన్ల కొద్దీ, తిరిగే దిక్కుకే వంగి ఉంటాయి. చిన్న చక్రం, మెల్లని తిరుగుడు, ఎక్కువ గాలి, తక్కువ రొద. గనులకూ ఓడలకూ వెళ్లింది, తర్వాత కార్ల హీటర్లకూ ఏసీలకూ. మా హాస్పిటల్ డక్టుల్లో తిరిగేదీ అదే జాతి. చాలా పెల్లెట్ స్టవ్‌లలో గది గాలి తోసేది అదే. ఆ తోటల్లో ఆకు కోసిన చేతుల్లో గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలికి వెళ్లిన తెలుగువాళ్ల చేతులూ ఉన్నాయి. అస్సాంలో వాళ్ల వారసులు ఇంకా ఉన్నారు. డేవిడ్‌సన్‌కు 1921లో సర్ బిరుదు వచ్చింది, ఆ ఏడాదే పోయాడు.

ఈ వంశవృక్షమంతా ఒకసారి నాన్నగారికి చెప్పాను. చలికాలం మా దగ్గరికి వచ్చినప్పుడు స్టవ్ ముందు కుర్చీ వేసుకుని అద్దంలోంచి మంట చూస్తూ ఓపిగ్గా విన్నారు. చివర ఒకే మాట అడిగారు.

"అంతా బానే ఉంది గానీ, పొట్టు కాల్చుకోడానికి కరెంటెందుకురా?"

దానికి జవాబుగా చెప్పుకోదగ్గది ఒకటుంది, సిగ్గుపడాల్సింది ఒకటుంది. చెప్పుకోదగ్గది పొగ. 1980లలో ఇక్కడి లోయల్లో కట్టెల పొయ్యిల పొగ శీతాకాలమంతా దుప్పటిలా కప్పి ఉండేది. ఆరెగన్ రాష్ట్రం 1983లో చట్టం చేసి, 1986 నుంచి పరీక్ష నెగ్గిన పొయ్యిలనే అమ్మాలంది. 1988లో కేంద్ర పర్యావరణ సంస్థ దేశమంతటికీ నియమం పెట్టింది. ఫ్యాను లాగే గాలితో, కొలిచి వేసే ఇంధనంతో మండే పెల్లెట్ స్టవ్ మామూలు పొయ్యిలకంటే ఎంతో శుభ్రం.

సిగ్గుపడాల్సింది ఆ నియమంలోని కన్నం. కట్టె బరువుకు 35 రెట్లు మించి గాలి వాడే యంత్రం ఆ నియమం ప్రకారం కట్టెల పొయ్యి కిందికే రాదు. పొడి కట్టె పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం ఆరు రెట్లు గాలి చాలు. 35 రెట్లంటే మంటకు అక్కర్లేని గాలిని వేడిచేసి గోడ బయట పారబోయడమే. పరీక్ష ఖర్చు తప్పుతుందని కొందరు తయారీదార్లు ఈ గీత దాటేలా గాలి పెంచారు. బ్లోయర్ చేతిలో ఉంటే అదేమంత కష్టం? రెండు కన్నాలు ఎక్కువ పెడితే సరి. వేడి నష్టపోయింది కొనుక్కున్నవాడు. 2015లో నియమం తిరగరాసినప్పుడు ఈ కన్నం పూడ్చారు. 2020 నుంచి పెల్లెట్ స్టవ్‌లకూ గంటకు 2 గ్రాముల పొగరేణువులే హద్దు. నన్నడిగితే ముప్ఫై ఏళ్లు ఆలస్యం.

తొలినాళ్ల స్టవ్‌లు చాలా ఇళ్లలో ఇంకా మండుతున్నాయి. తయారుచేసిన కంపెనీలు చేతులు మారాయి, కొన్ని మూతపడ్డాయి. బ్లోయర్లు మాత్రం దొరుకుతున్నాయి. స్టవ్‌లు చేసేవాళ్లు ఫ్యాన్లు సొంతంగా చెయ్యలేదు, మోటార్ల కంపెనీల దగ్గర కొని బిగించారు, అందుకే. లోపలిది షేడెడ్ పోల్ మోటారు. బ్రష్షులు లేవు, కెపాసిటర్ లేదు, నిమిషానికి 3000 చుట్ల దగ్గర తిరుగుతుంది. ఇంత మొద్దు మోటారు ఇంకోటి లేదు, ఇంత నమ్మకమైనదీ లేదు.

నేను చూసే వరస ఇది. అద్దం నల్లబడి, మంట బద్ధకంగా ఎర్రగా ఊగుతూ, గిన్నెలో పెల్లెట్లు పేరుకుంటుంటే పొగ లాగే బ్లోయర్‌ను అనుమానించాలి. మంట చురుగ్గా ఉండి గది వెచ్చబడకపోయినా, వేడెక్కి స్టవ్ తనంతట ఆగిపోతున్నా రెండోదాన్ని. దాని రేకుల నిండా తివాచీ నూగు, కుక్క వెంట్రుకలు ఉంటాయి. స్టవ్ పూర్తిగా చల్లారాక, ప్లగ్ పీకి, ఇంపెల్లర్‌ను వేలితో తిప్పాలి. జారుగా తిరిగి మెల్లగా ఆగితే బేరింగు బతికుంది, దారిలో బూడిద అడ్డుపడి ఉండొచ్చు. ఇక్కడివాళ్లు ఆకులు ఊదే యంత్రాన్ని తిరగేసి బయటి గొట్టానికి తగిలించి ఆ బూడిద లాగేస్తారు. చూడ్డానికి మొరటు, పని మాత్రం చేస్తుంది. గరగరమంటే, పట్టేస్తే బేరింగు పోయింది. జారుగానే ఉన్నా తిరగకపోతే మీటరు పెట్టి, 120 వోల్టులు మోటారు దాకా వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే తప్పు చాలాసార్లు కంట్రోల్ బోర్డుది. దీన్ని చూడకుండా బ్లోయర్ కొన్నవాళ్లు ఎందరో.

మార్చేటప్పుడు తొందరపడితే తుప్పు మరలు విరుగుతాయి. ముందురోజే నూనె వేసి ఉంచాలి. కొన్ని మోడళ్లలో ఇంపెల్లర్ నట్టుకు ఎదురు మరలు ఉంటాయి, బలం పెట్టేముందు చూసుకోవాలి. పాత గ్యాస్కెట్‌ను గీకి పారేసి కొత్తది వెయ్యాలి, ఎంత బాగా కనిపించినా సరే. అక్కడ గాలి దొంగతనంగా దూరితే ఆ మేరకు మంటకు తగ్గుతుంది. ఫ్యాను దాటాక గొట్టంలో ఉండేది శూన్యం కాదు, ఒత్తిడి. అందుకని గొట్టం అతుకులన్నీ మూసి ఉన్నాయో లేదో అప్పుడే తడిమి చూస్తాను. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే బిగించేదాకా వెలిగించనివ్వను.

కరెంటు సంగతి ఇంకా మిగిలే ఉంది. 1996 నవంబరు 19న స్పొకేన్ మీద మంచువాన పడి, కొమ్మలకూ తీగలకూ గడ్డకట్టి, చెట్లు విరిగి తీగల మీద కూలాయి. దాదాపు లక్ష ఇళ్లు చీకటయ్యాయి, కొన్ని పేటల్లో రెండు వారాల దాకా. అప్పటికి నేనిక్కడ లేను, మా వీధి పెద్దవాళ్లు చెబుతారు. గరాజు నిండా పెల్లెట్ బస్తాలు పెట్టుకుని, పాత కట్టెల పొయ్యి ఉన్నవాళ్ల ఇళ్లకు పిల్లల్ని తీసుకుని వెళ్లారట. 2015 నవంబరు 17న గంటకు 70 మైళ్లు దాటిన గాలివాన నేనే చూశాను. మళ్లీ అదే కథ. ఆ తర్వాత మా వీధిలో చాలామంది బ్యాటరీ, ఇన్వర్టర్ కొనుక్కున్నారు. సైన్ వేవ్ ఇన్వర్టర్ తీసుకోమంటాను. చౌకరకం కరెంటుకు ఈ మోటార్లు హోరెత్తుతూ వేడెక్కుతాయి. మండుతున్న స్టవ్ తాగేది సుమారు వంద వాట్లే. వెలిగించే హీటర్‌కు ఒక్కదానికే మూడు, నాలుగు వందలు కావాలి. అందుకని చేత్తో వెలిగించుకోనిచ్చే మోడల్ అయితే గిన్నెలో గుప్పెడు పెల్లెట్ల మీద జెల్ వేసి అగ్గిపుల్లతో ముట్టించి, బ్యాటరీని బ్లోయర్లకూ ఆగర్‌కూ ఉంచుకోమని చెబుతాను.